గోడ మీద గిన్నె

నాకు ఎలుకలంటే భయం. ఈ వయసులో కూడా. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆయన ఉన్నంతకాలం నవ్వుతూనే ఉన్నాడు. ఆయన పోయాక ఆ డ్యూటీ మా తమ్ముడు తీసుకున్నాడు.

వాడు బ్యాంకులో రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక బాపట్ల పక్కన గేదెల ఫారం పెట్టాడు. పెట్టిన దగ్గర్నుంచీ వచ్చి చూడమని ఒకటే పోరు. పోరు పడలేక ఈ మధ్య వెళ్ళాను. షెడ్డు బ్రహ్మాండంగా ఉంది. సిమెంటు నేల, పైన ఫ్యాన్లు, మూతి ఆనిస్తే నీళ్ళొచ్చే గిన్నెలు. మా నాయనమ్మ చూసుంటే మనుషులకు లేని భోగం గొడ్లకెందుకని ముక్కున వేలేసుకునేది. అంతా తిరిగి చూసి, దాణా బస్తాలున్న గదిలో అడుగుపెట్టగానే నా ముక్కుకి తెలిసిపోయింది. ఎలుక ఉచ్చ వాసన. ఆ వాసన తెలియనివాళ్ళకి చెప్పినా తెలియదు. వంగి చూస్తే బస్తాల మూలలు కొరికేసి ఉన్నాయి, కింద దాణా కుప్పగా కారి ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

దానికీ మందు తెప్పిస్తున్నానని మావాడు ధీమాగా చెప్పాడు. చెప్పినట్టే కాసేపటికి ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. మర్యాదస్తుడు. నన్ను అమ్మగారూ అంటూ, చేతిసంచిలోంచి నల్లటి ప్లాస్టిక్ పెట్టెలు తీశాడు. ఆ పెట్టెల్లో పెట్టడానికి నీలంరంగు బిళ్ళలు, సబ్బు ముక్కల్లా ఉన్నాయి. పెట్టెలోకి ఎలుక తప్ప ఇంకేదీ దూరలేదట, గేదె మూతి పట్టదట, షెడ్డులో ఎక్కడైనా పెట్టుకోవచ్చట. "పశువులకేం కాదండి" అంటూ ఒక బిళ్ళని కవరుతో సహా నా చేతిలో పెట్టాడు. నేను అలవాటు ప్రకారం ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఏ వాసనా లేదు.

మళ్ళీ చూశాను. ఊపిరి గట్టిగా పీల్చి చూశాను. ఏమీ లేదు. బిళ్ళ తిరిగి ఇచ్చేసి, పంపు దగ్గరికెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని, వేపచెట్టు కింద బల్ల మీద కూలబడ్డాను. "ఏంటక్కా, అలా అయిపోయావు?" అని తమ్ముడు వెనకే వచ్చాడు. ఏం లేదు, నీ పని చూసుకోమన్నాను. వాడికి ఏం చెప్తాను? ఆ సంగతి జరిగేనాటికి వాడు ఉయ్యాల్లో ఉన్నాడు.

నా చిన్నతనంలో తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు మా ఊరి పొలాల్లోంచి పోయేది. ఊళ్ళో గడియారం ఉన్న ఇళ్ళు తక్కువ. మధ్యాహ్నం రేపల్లె బండి కూత వినపడితే గేదెల కింద చెంబు పెట్టే వేళయిందని అర్థం. మా ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను, ఇంకా పాలు మరవని తమ్ముడు. చావిట్లో నుదుట తెల్లచుక్క ఉన్న ఒక గేదె, దాని దూడ. అంతే మా సంసారం.

తమ్ముడు పుట్టిన కొన్నాళ్ళకే అమ్మకి విషజ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ పాలు ఎండిపోయాయి. దాంతో ఆ చుక్క గేదె పాలే మావాడికి ఆధారం. నీళ్ళు కలిపి, కాచి, చల్లార్చి, గాజు సీసాలో పోసి అమ్మ పట్టేది. "వీడికి తల్లులు ఇద్దరు, ఒకత్తికి కొమ్ములున్నాయి" అని నాయనమ్మ పరాచికాలాడేది. నాకైతే ఆ గేదె మీద కాస్త అసూయ కూడా ఉండేది. ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ.

చావిడి ముందు పెద్ద కుడితి గోలెం ఉండేది, మెడ దాకా భూమిలో పాతింది. ఇప్పటి పిల్లలకి కుడితంటే ఏంటో చెప్పాలి కాబోలు. కడుగు, అంటే బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, అన్నీ గోలెంలో చేరి పులిసేవి. అందులో ఇంత తవుడు, నానిన తెలగపిండి కలిపితే గేదె చెవులు మునిగేదాకా తలపెట్టి తాగేది. మా ఒక్క ఇంటి కడుగు దానికి ఏ మూలకి? అందుకని గేదెల్లేని ఇళ్ళ ఆడవాళ్ళందరూ తమ కడుగు తెచ్చి మా గోలెంలో పోసేవాళ్ళు. బదులుగా పొద్దున్నే చెంబు తెచ్చుకుని మజ్జిగ పోయించుకుని వెళ్ళేవాళ్ళు. ఎవరూ ఎవరికీ ఇచ్చినట్టు కాదు, తీసుకున్నట్టు కాదు. వీధి వీధంతా ఆ గోలెం దగ్గరే మాట్లాడుకునేది. ఎవరి కోడలు నీళ్ళోసుకుందో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కడుగు చూసి చెప్పేసేది నాయనమ్మ.

గోలెం పక్కనే నాకంటే కాస్త ఎత్తు గోడ. హడావిడిలో ఉన్నవాళ్ళు, గేదె పొడుస్తుందని జంకేవాళ్ళు, తెచ్చిన గిన్నెని ఆ గోడ మీద పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. నాయనమ్మ అటు వచ్చినప్పుడు అందులో ఉన్నది గోలెంలో ఒంపి, ఓ చెంబెడు నీళ్ళు పోసి తొలిపి, ఆ తొలిపిన నీళ్ళు కూడా గోలెంలోనే పోసి, గిన్నె బోర్లించి పెట్టేది. బోర్లించి ఉందంటే పని అయిపోయింది, తీసుకుపోవచ్చు అని. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళకి మాత్రం తెలియదు. కడుగు మోసిన మగాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

నాయనమ్మ చూపు అప్పటికే మందగించింది. పైగా ముక్కుపొడుం అలవాటు. ఆ ముక్కుకి మల్లెపువ్వయినా ఒకటే, మురుక్కాలవైనా ఒకటే అని అమ్మ చాటుగా నవ్వేది. నా ముక్కు అలా కాదు. ఉలవలు పొయ్యి మీద ఉడుకుతుంటే వీధి చివర ఉన్నా పసిగట్టి పరిగెత్తుకొచ్చేదాన్ని. గేదెకని ఉడకబెట్టిన ఉలవల్లో పిడికెడు కొట్టేసి, ఉప్పు చల్లుకుని తినడం నాకు పండగ. తెలగపిండి ముక్క బెల్లంతో నంజుకోవడం ఇంకో పండగ. "దీన్ని కూడా గాటికి కట్టేస్తే సరి" అని నాయనమ్మ నా జడ పట్టుకుని లాగేది.

ఆ ఏడు కోతలయ్యాక ఎలుకలు ఊరి మీద పడ్డాయి. చేలో ఉన్నన్నాళ్ళూ చేలో తిన్నాయి, చేలు ఖాళీ అయ్యేసరికి కుప్పలతో పాటే ఊళ్ళోకొచ్చాయి. మా గడ్డివామి చావిడికి ఆనుకునే ఉండేది. వామి అడుగున వాటి కాపురం, చావిట్లో భోజనం. తవుడు తిన్నాయి, తాళ్ళు కొరికాయి. దూడ గిట్టల దగ్గర చర్మం కొరికి పుండు చేశాయి. కట్టేసి ఉన్న పశువు, ఎక్కడికి పోతుంది? ఓ తెల్లవారి నేను లేచేసరికి నా మడమ చెమ్మగా ఉంది. చూసుకుంటే రక్తం. నిద్రలో కొరికితే నొప్పి తెలియదట, ఎలుక ఊది ఊది కొరుకుతుందట. పెద్దవాళ్ళు చెప్పిన ఆ మాటే నాకు కాటు కంటే ఎక్కువ భయం పుట్టించింది. అప్పటి నుంచి కాళ్ళకి దుప్పటి చుట్టుకుని, ముడి వేసుకుని పడుకునేదాన్ని.

ఒకరోజు పట్టపగలు అమ్మ పెట్టిన కేకకి నేను వాకిట్లోంచి లోపలికి పరిగెత్తాను. తమ్ముడు చీర ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు. వాడి గుండెల మీద ఎలుక కూర్చుని ఉంది. బాగా బలిసిన ఎలుక. పాలు కారి ఎండిన వాడి పెదవుల దగ్గర మూతి పెట్టి వాసన చూస్తోంది. అమ్మ కేకకి అది ఉయ్యాల తాడు పట్టుకుని దూలం మీదకి ఎగబాకి పోయింది. వాడు లేవనైనా లేవలేదు. అమ్మ వాణ్ణి గుండెకి హత్తుకుని, పెదవులు, ముక్కు, చెవులు, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ ఎలుక మీసాలు కదలడం నాకు కనిపిస్తుంది.

ఆ సాయంత్రమే నాన్న తెనాలి వెళ్ళి మందు తెచ్చాడు. చిన్న పొట్లంలో నల్లటి పొడి. విప్పితే ఘాటుగా వెల్లుల్లి వాసన కొట్టింది. నూకల్లో నూనె పోసి ఆ పొడి కలిపి చావిట్లో చల్లాలని ఆయన ఆలోచన. నాయనమ్మ చావిడి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటావేంట్రా? గొడ్డు నోరులేంది. మనం ఏది పెడితే అది తాగుద్ది" అంది.

నాన్న తగ్గలేదు. పిల్లాడి మూతి కొరికేదాకా చూస్తూ కూర్చోమంటావా అని అరిచాడు. గేదెకి ఏమన్నా అయితే పిల్లాడి నోట్లో ఏం పోస్తావని ఆవిడ అంతకంటే గట్టిగా అరిచింది. ఇద్దరూ అరుస్తున్నది వాడి కోసమే. నేను తలుపు చాటున నిలబడి, ఏది జరిగినా వాడు చచ్చిపోతాడన్నమాట అని అర్థం చేసుకుని ఏడ్చాను. చివరికి ఒప్పందం కుదిరింది. మందు పొలం గట్ల మీద, వామిదొడ్డి అవతల గట్టు మీద మాత్రమే. మందు కలిపిన గిన్నె ఇంట్లోకి, చావిట్లోకి రాకూడదు. నాన్న సరేనన్నాడు. ఆయన అన్న మాట తప్పే మనిషి కాదు.

చావిడిని నాయనమ్మ తన పద్ధతిలో చూసుకుంది. తవుడు మూత బిగుసుకునే రేకు డబ్బాల్లోకి మారింది. తెలగపిండి ఉట్టెక్కింది. గేదె తిన్నాక గాట్లో ఒక్క గింజ మిగలకుండా ఊడ్చడం నా పని. కన్నాల్లో పగిలిన గాజు పెంకులు దట్టించి పైన మట్టి మెత్తింది. అవి పక్కనే ఇంకో కన్నం తవ్వేవి. గేదెనీ దూడనీ కాలవకి తోలి, ఆ సందున కన్నాల్లోకి ఎండుమిరపకాయల పొగ పెడితే ఎలుకల సంగతేమో గానీ వీధంతా తుమ్మింది. నందివెలుగు నుంచి చుట్టాల పిల్లిని గోనెసంచిలో తెప్పించింది. అది వచ్చిన రోజే పెరుగు చట్టి చూసుకుంది, ఎలుకల జోలికి పోలేదు. "ఉద్యోగానికి రమ్మంటే భోజనానికొచ్చింది" అని నాయనమ్మ దాన్ని తిట్టని పూట లేదు.

ఎక్కువ పని చేసింది బోను. కాల్చిన కొబ్బరి ముక్క గుచ్చి దూలం మీద పెట్టేవాళ్ళం. పొద్దున్నే అందులో పడ్డదాన్ని కాలవలో ముంచడానికి నాన్న తీసుకెళ్ళేవాడు. నేను చూడకూడదనుకుంటూనే వెంట వెళ్ళేదాన్ని. తీగల్లోంచి అది నా వంకే చూసేది. భయపడేది నేనా అదా అని అప్పుడు నాకు అనుమానం వచ్చేది. మెల్లగా చావిట్లో అలికిడి తగ్గింది. దూడ పుండు మానింది. అమ్మ ఉయ్యాల పక్క నుంచి లేచి వంట చేయసాగింది. గండం గడిచిందనుకున్నాం.

ఆ రోజు బడి ఒంటిపూట. చెరకు నరికే కాలం. జంపని చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్ల వెనక పరిగెత్తి, తోలేవాడు చూడకుండా గడ లాగడం మా ఆట. నాకు ఆ రోజు మంచి గడ చిక్కింది. నములుకుంటూ దొడ్డి దారిన వచ్చాను. చుక్క గేదె గోలెంలో తలపెట్టి గుటకలు వేస్తోంది. దగ్గరకొచ్చేసరికి నోట్లో చెరకు తీపి ఉండగానే ముక్కుకి ఘాటుగా తగిలింది. వెల్లుల్లి.

కుడితి వెల్లుల్లి వాసనేస్తోందని నాయనమ్మకి చెప్పాను. ఆవిడ చేటలో మినుములు చెరుగుతూ, ఎవరో ఊరగాయ జాడీ కడిగి పోసుంటార్లే అంది. నిజమే, అలా పోసేవాళ్ళు, ఆవిడ అదివరకు తిట్టేది కూడా. గేదె అడుగుదాకా తాగి, మూతి నాక్కుంటూ తల ఎత్తింది. తరవాత రేపల్లె బండి కూసింది. నాయనమ్మ దూడని వదిలి, గేదె పాలు చేపాక దాన్ని పక్కకి లాగి కట్టి, పాలు తీసింది. మా దగ్గర పాలు కొనే వాడుక ఇళ్ళ పిల్లలు చెంబులతో వచ్చి పోయించుకుని పోయారు. అమ్మ తమ్ముడి వాటా కాచింది. అన్నీ రోజూ జరిగేవే.

నాన్న గట్టు మీంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుందామని గోలెం వైపు నడిచి, గోడ దగ్గర ఆగిపోయాడు. గోడ మీద ఒక పాత సత్తు గిన్నె బోర్లించి ఉంది.

"ఈ గిన్నె ఎవరు కడిగారు?" అన్నాడు.

"నేనే. ఏం?" అంది నాయనమ్మ.

"ఇందులో నూకలున్నాయి."

"పురుగు పట్టాయని ఎవరో తెచ్చి పెట్టారనుకున్నా. గోలెంలో పోశా."

అది నాన్న మందు కలిపిన గిన్నె. పొద్దున సగం గట్టు మీద చల్లాక ఎవరో నీటి తగాదాకి పిలిచారు. గిన్నెతో ఇంటి దాకా వచ్చాడు. ఇంట్లోకి తేనని మాటిచ్చాడు కదా, అందుకని పిల్లలకి అందకుండా, చావిడి బయట, గోడ మీద పెట్టి వెళ్ళాడు. ఆ గోడ దేనికో ఆయనకి తెలియదు. నాయనమ్మ రోజూ చేసే పని చేసింది. ఒంపింది, తొలిపింది, బోర్లించింది.

ఎవరూ విడమరిచి చెప్పలేదు. నాన్న ముఖం చూసి నాయనమ్మకి అర్థమైంది. ఆవిడ ముఖం చూసి నాకు అర్థమైంది. మరుక్షణం నాయనమ్మ ఇంట్లోకి పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పులని మెట్టు దిగడానికి నా భుజం పట్టుకునే మనిషి అలా పరిగెత్తడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. నేను వెనకే వెళ్ళేసరికి అమ్మ ఒళ్ళో తమ్ముడు, వాడి నోట్లో సీసా. నాయనమ్మ ఒక్క దెబ్బ కొట్టింది. సీసా గోడకి తగిలి ముక్కలైంది. అందులో సగమే ఉన్నాయి పాలు. మిగతా సగం వాడి కడుపులో ఉన్నాయి.

అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాడి నోట్లో వేలు పెట్టి కక్కించింది నాయనమ్మే. కొంచెం వచ్చింది. నాన్న వాణ్ణి భుజాన వేసుకుని రోడ్డుకి పరిగెత్తాడు, జుట్టు ముడి ఊడిపోయి అమ్మ వెనక. తెనాలి బస్సు వాళ్ళ కోసం ఆగడం దూరం నుంచి కనిపించింది. వాడు నాన్న భుజం మీద తల వాల్చేసి ఉన్నాడు. పాలు తాగితే నిద్రపోయే వేళే అది. కానీ అది నిద్రేనా? ఆ ప్రశ్న ఎవరినీ అడగలేక గడపలో నిలబడిపోయాను.

నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. చెప్పుల్లేకుండానే వీధిలోకి దిగింది. మా పాలు పోయించుకున్న ప్రతి ఇంటికీ వెళ్ళాం. గుమ్మం ముందు నిలబడి ఆవిడ ఒకటే మాట చెప్పేది.

"మా గేదె మందు కుడితి తాగిందమ్మా. నా చేత్తో నేనే పోశాను. పాలు పారబొయ్యండి."

ఎవరో గిన్నె పెట్టారని ఆవిడ ఒక్క ఇంట్లోనూ అనలేదు. పారబోసేముందు గిన్నె నా ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమనేది. నేను చూసేదాన్ని. పాల వాసనే వచ్చేది, కమ్మగా. వెల్లుల్లి ఉంటే సంగతి తేలిపోయేది, లేనంత మాత్రాన మందు లేదని ఎలా అనుకోను? పాలు మాత్రం పాలలాగే ఉన్నాయి, నాకేమీ చెప్పడం లేదు. ఒక ఇంట్లో పిల్ల అప్పటికే గ్లాసుడు తాగి వీధిలో ఆడుకుంటోంది. ఆ తల్లి మమ్మల్ని చూసిన చూపు నేను మర్చిపోలేదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుని తలుపు వేసేసుకుంది. ఇంకో ఇంటి తాతగారు, తన గ్లాసు ఎప్పుడో ఖాళీ చేశానని, ఎటూ కాటికి కాళ్ళు చాపుకున్నవాణ్ణే కదా, ముందు పసివాడి సంగతి చూసుకోమని పంపేశాడు. చర్చి పక్కన ఉండే టీచరమ్మ ఇంటి గడప నాయనమ్మ ఎన్నడూ తొక్కలేదు. పాలు పోయడం వరకే ఆ సంబంధం. ఆ రోజు ఆ టీచరమ్మ నాయనమ్మ రెండు చేతులూ పట్టుకుని లోపల కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని, మా తమ్ముడి పేరు చెప్పి ప్రభువుని వేడుకుంది. నాయనమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆవిడతో పాటు కళ్ళు మూసుకుంది.

ఇంటికొచ్చేసరికి గేదె నిలబడలేకపోతోంది. పొట్ట ఉబ్బింది, పళ్ళు నూరుతోంది. ఎవరో కబురు పెడితే పశువుల ఆస్పత్రి కాంపౌండరు సైకిలు మీద వచ్చి, వంటసోడా నీళ్ళు, బొగ్గుపొడి వెదురుగొట్టంతో పట్టించాడు. మన ప్రయత్నం మనం చేద్దామండి అన్నాడు గానీ నాయనమ్మ కళ్ళలోకి చూడలేదు. గేదె మెడ చాచి మూలిగింది. ఆ మూలుగు అచ్చం మనిషి మూలుగే. పక్క గుంజ దగ్గర దూడ తాడు తెంచుకునేలా గింజుకుంటోంది. నాయనమ్మ గేదె తల ఒళ్ళో పెట్టుకుని చుక్క మీద నిమురుతూ కూర్చుంది. కన్నీటి చుక్క లేదు. పొద్దు కుంకకముందే గేదె కాళ్ళు బిగుసుకున్నాయి.

ఇంత పెద్ద గేదెనే పడగొట్టిన మందు, అరచెయ్యంత లేని పొట్టని ఏం చేస్తుంది? చిన్నపిల్లనే అయినా ఆ లెక్క నాకు తెలిసింది. నాయనమ్మకీ తెలిసింది. కాలవ వంతెన మీద బస్సు ఆగిన చప్పుడైనప్పుడు నేను లేవలేదు. చెవులు మూసుకున్నాను. అమ్మ ఏడుపు వినాల్సి వస్తుందని నా భయం.

మూసుకున్న చెవుల్లోంచి కూడా వినపడింది. ఏడుపే. కానీ అమ్మది కాదు. ఆకలేసిన పసివాడి ఏడుపు, గొంతు చించుకుని, ఊరు ఎగిరిపోయేట్టు.

"ఏడుస్తున్నాడే" అంది నాయనమ్మ. "వినపడుతోందా, ఏడుస్తున్నాడే." అని, అప్పుడు ఆ చచ్చిపోయిన గేదె మెడ మీద పడి భోరుమంది.

పాలల్లోకి మందు దిగలేదని, దిగినా వాడికి అంటలేదని తెనాలి డాక్టరు చూసి చెప్పాడట. వీధిలో ఎవరికీ ఏమీ కాలేదు. దూడ కూడా బతికింది. మర్నాడు నాయనమ్మ గునపం తీసుకుని గోలెం తనే పగలగొట్టింది. నాన్న గోడ పడగొట్టేశాడు. గడ్డివామి చావిడికి దూరంగా, రాళ్ళు పేర్చిన దిమ్మె మీదకి మారింది. మందు మళ్ళీ మా పొలంలో కూడా అడుగుపెట్టలేదు. కొన్నాళ్ళకి ఇంకో గేదె వచ్చింది, ఇంకో చిన్న తొట్టి వచ్చింది. బయటి కడుగు మాత్రం రానివ్వలేదు నాయనమ్మ. పాపం, ఆడవాళ్ళు అడిగి చూశారు. తరవాత ఎవరి కడుగు వాళ్ళు కాలవలో పారబోసుకున్నారు. కడుగు రాని ఇంటికి మజ్జిగకేం వస్తారు? మా దొడ్లో మాటలు వినపడ్డం ఆగిపోయింది. ఇప్పుడా ఊళ్ళో కడుగు అన్న మాటే తెలియదు.

ఆ గిన్నె తప్పు నాదంటే నాదని నాన్న, నాయనమ్మ బతికినంతకాలం పోట్లాడుకున్నారు. తప్పు నీదని ఒకరినొకరు ఒక్కసారీ అనుకోలేదు. నా ముక్కుకి మాత్రం ఉద్యోగం దొరికింది. కుడితి, పాలు, తవుడు, చివరికి తాగే నీళ్ళు కూడా నాయనమ్మ నా దగ్గరకి తెచ్చి "చూడవే" అనేది. తమ్ముడు బడికెళ్ళే వయసొచ్చినా వాడి గ్లాసు ముందు నా ముక్కు కిందకి వచ్చి గానీ వాడి చేతికి వెళ్ళేది కాదు. వాడు నన్ను ముక్కు డాక్టరని ఏడిపించేవాడు. నాయనమ్మ పోయిన రోజున కూడా, నోట్లో పోసే తులసి తీర్థం అలవాటు కొద్దీ వాసన చూసి ఇచ్చాను.

ఆ రోజు వాసన వచ్చింది కాబట్టి కనీసం నాయనమ్మ ముఖం చూడగానే నాకు అర్థమైంది. ఈ నీలం బిళ్ళకి అది కూడా లేదు. ఇది పెట్టెలోనే ఉంటుందని ఆ కుర్రాడంటాడు. నాన్న గిన్నె కూడా చావిడి బయటే ఉంది.

తమ్ముడు నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. నా చెయ్యి చల్లగా ఉందన్నాడు. "దానికి వాసన లేదురా" అన్నాను. వాడికి గుర్తున్నదేమీ ఉండదు, విన్నదే తప్ప. లేచి వెళ్ళి, ఈసారికి వద్దులెండి బాబూ, అని ఆ కుర్రాణ్ణి మర్యాదగా పంపించేశాడు.

తరవాత ఇద్దరం షెడ్డంతా మళ్ళీ తిరిగాం. దాణా ఇనప డ్రమ్ముల్లోకి మార్చాలి, గది కిటికీలకి సన్న వల కొట్టించాలి, కన్నాలకి గాజు పెంకులు కలిపిన సిమెంటు పెట్టాలి, ఎండుగడ్డి షెడ్డుకి ఎడంగా దిమ్మె మీద పెట్టాలి, రాలిన దాణా చీకటి పడకముందే ఊడ్చాలి, బోన్లు కొనాలి. నేను చెప్తుంటే వాడు తల ఊపుతున్నాడు. పిల్లిని కూడా పెంచుదామా అని నవ్వించబోయాడు. పెరుగు చట్టి నువ్వే కాపలా కాసుకోవాలన్నాను.

ఇంతలో పనిమనిషి గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. అప్పుడే తీసిన పాలు, పైన నురగ ఇంకా ఉంది. తమ్ముడు గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు. అరవై దాటినవాడు, తెల్ల మీసంవాడు, ఆ గ్లాసుని నా ముక్కు ముందు పెట్టాడు.

"చూడక్కా" అన్నాడు. ఏడిపించడానికి అనలేదు.

చూశాను. కాఫీ, పాలు, కాస్త పొగ. తాగరా అన్నాను. వాడు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను వాడి ముఖం వంకే చూస్తూ కూర్చున్నాను.